సుబ్బారావుగారి అణువులు, ప్రోటీను మెలికలు

మన కాలేజీలో సైన్సు చదివే వాళ్లెవర్ని నిద్రలో లేపి అడిగినా ఏ.టి.పి. అంటే ఏమిటో చెప్తారు. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, జీవకణానికి కావలసిన శక్తిని మోసుకు తిరిగే అణువు అంటారు. దాన్ని మొదట వెలికితీసిన వారిలో ఒకరు మన పక్క డెల్టావాడేనని చెప్తే మాత్రం సగం మంది నమ్మరు. పామర్రులో మొదలయ్యే 165వ నంబరు జాతీయ రహదారి గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా పోయి భీమవరం చేరుతుంది. ఆ భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించారు.

ఆయన గురించి మన సభల్లో వినపడే ఉపన్యాసాలన్నీ ఒకటే తీరు. నోబెల్ బహుమతి రాలేదు, మనవాళ్లు గుర్తించలేదు, అయ్యో పాపం అని ముగుస్తాయి. ఆ విచారం న్యాయమైనదే. అయితే ఆయన ఏం చేశారో, ఎలా చేశారో చెప్పకుండా రాని బహుమతిని గురించి మాట్లాడటం వల్ల ఆయనకు గాని మనకు గాని ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో ఆయన కనుక్కున్న అణువుల కథ, ఆయన పోయాక ఆ అణువుల్ని ప్రోటీన్లు ఎలా పట్టుకుంటాయో బయటపడిన కథ, రెండూ కలిపి చెప్పబోతున్నాను.

తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బుపడి ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో సుబ్బారావుగారు నాలుగోవారు. ఇంట్లో లేమి, పిల్లవాడికి చదువు మీద బుద్ధి నిలవదు. పదమూడో ఏట కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే నిడదవోలులో పట్టుకుని వెనక్కి తెచ్చారని చెప్తారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కారు. అప్పటికే తండ్రి పోయారు. తల్లి ఒంటిమీది నగలు అమ్మి చదివించింది. సప్లిమెంటరీలు రాసే మిత్రులు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేరోజుల్లో రామకృష్ణ మఠం వైపు మనసు మళ్లింది. సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు, ఆమె అనుమతి లేనిదే చేర్చుకోమని మఠంవారూ అన్నారు. వైద్యం చదివి సేవ చెయ్యమన్న సలహా మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం దొర ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు కంటగింపైంది. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పనికి కుదిరారు.

ఆయన బతుకును తిప్పిన సంగతి వేరే ఉంది. స్ప్రూ అనే జబ్బు. మన పెద్దలు గ్రహణి అనేవారు. తిన్నది ఒంట పట్టదు, ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తం నీరైపోవడం. ఈ జబ్బుతో సుబ్బారావుగారి సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో పోయారు. తర్వాత ఆయనకూ వచ్చింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డారు. డాక్టరు చదివిన మనిషి తన ఇంట్లో ఇద్దరు పోతుంటే చూడ్డం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు, ఎందుకంటే ఆ జబ్బు ఎందువల్ల వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకుందామనే ఆయన బయల్దేరారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలిపి ఓడ ఎక్కి, 1922 అక్టోబరు 26న బోస్టను చేరారు. భార్యను, తల్లిని మళ్లీ చూడలేదు.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యం డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రుళ్లు ఆసుపత్రిలో పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు కడిగే పని చేశారు. ఆ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో ఓటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు.

రక్తంలోనో, మూత్రంలోనో, కండలోనో ఫాస్ఫరసు ఎంత ఉందో కొలవడం అప్పట్లో తలనొప్పి వ్యవహారం. వీళ్లిద్దరూ 1925లో ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, దానికి ఒక క్షయకరణి చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరసు అంత ఎక్కువ. ఇదే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. వందేళ్లు దాటినా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు చేస్తూనే ఉన్నారు. రికార్డులో హెడ్డింగు రాసుకుని పేజీ తిప్పేస్తాం, సుబ్బారావంటే ఎవరని ఎవరూ అడగరు.

ఆ పద్ధతి కంటె కూడా దానితో ఆయన చూసిన చూపు గొప్పది. మామూలు ఫాస్ఫేటైతే రంగు కాసేపట్లో తేలి అక్కడితో ఆగాలి. కండ నుంచి తీసిన రసంతో చేస్తే రంగు ఆగకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోతోంది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసి మళ్లీ కలిపేవాళ్లు. సుబ్బారావు, ఫిస్కే మాత్రం ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రసంలో ఏదో పదార్థం ఆమ్లంలో నెమ్మదిగా విరిగి, ఫాస్ఫేటును కొద్దికొద్దిగా వదులుతోందన్న మాట. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ ఏడే వేరుగా దీని జాడ తీశారు. కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పిన హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ దక్కి ఉంది. భీమవరం మనిషి నీలిరంగు ఆ సిద్ధాంతాన్ని కదిలించింది. 1929లో ఇదే దారిలో ఏ.టి.పి. బయటపడింది. జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్ కూడా ఆ సంవత్సరమే స్వతంత్రంగా కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు పిహెచ్.డి. వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆయనకు చూసే వీలు లేని విషయం ఒకటి చెప్పాలి. ఏ.టి.పి. ఊరికే కణంలో తేలుతుంటే పని జరగదు. దాన్ని ప్రోటీను పట్టుకోవాలి. ప్రోటీనంటే అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసులో కొంత భాగం స్ప్రింగులా చుట్టుకుంటుంది, కొంత చాపలా పరుచుకుంటుంది. వీటిని ఒకదానికొకటి కలిపే వంపులు, మెలికలు ఉంటాయి, వాటినే లూపులంటారు. మనం బొమ్మ వేసేటప్పుడు స్ప్రింగుల్ని, చాపల్ని శ్రద్ధగా వేసి లూపును చివర్లో గీత లాగి వదిలేస్తాం. తీరా చూస్తే చిన్న అణువును, అంటే లైగాండును, పట్టుకునే పని చాలాచోట్ల ఆ గీతదే. 1982లో జాన్ వాకర్, ఆయన సహచరులు ఏ.టి.పి.తో పనిచేసే రకరకాల ప్రోటీన్లను పోల్చి చూసి వాటన్నిట్లోనూ ఒకేలాంటి చిన్న వరస ఉందని గుర్తించారు. పి-లూప్ అని దాని పేరు. అందులో గ్లైసిన్ ఎక్కువ. అన్ని అమైనో ఆమ్లాల్లోకి గ్లైసిన్ చిన్నది, దాని పక్కన హైడ్రోజన్ తప్ప ఇంకేమీ వేలాడదు, కాబట్టి గొలుసు అక్కడ బాగా వంగగలదు. అలా వంగి ఏ.టి.పి. తోకలోని ఫాస్ఫేట్ల చుట్టూ గూడు కడుతుంది. చివర్న ఉన్న లైసిన్ ధనావేశంతో రుణావేశపు ఫాస్ఫేటును బిగించి ఉంచుతుంది.

తాళంచెవి, తాళం పోలిక మనకు పుస్తకాల్లో చెప్తారు. నాకది లూపు విషయంలో సరిపడదు. కోతల్లో మావాళ్లు పన కట్టడానికి గడ్డితో పేనిన తాడు వాడేవాళ్లు. కింద పడి ఉన్నప్పుడు ఆ తాడుకు ఒక ఆకారమంటూ లేదు. పన దానిమీద పెట్టి మెలిపెట్టాకే దానికి ఆకారం, పనకూ బిగువు. లూపులు చాలావరకు ఇలాంటివే. మరీ వదులైతే లైగాండు జారిపోతుంది, మరీ బిర్రయితే లోపలికి రాదు.

రైతు బిడ్డలకు దీనికో దగ్గరి ఉదాహరణ చెప్తాను. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అదే సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో బాక్టీరియా ఎండాకు తెగులుకు అంత లోకువ. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధనా సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులు దానిలోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఎక్స్‌ఏ-21, ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అది తయారుచేసే ప్రోటీను వరి కణం పైపొర మీద ఉండే రోగనిరోధక గ్రాహకం. కణం బయటి భాగం బాక్టీరియా విడిచే రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడు వల్ల శత్రువును పసిగడుతుంది. లోపలి భాగం ఏ.టి.పి. నుంచి ఒక ఫాస్ఫేటు తీసి తగిలించి వార్త పంపుతుంది. అక్కడ ఏ.టి.పి. మీద మూతలా వాలేది మళ్లీ గ్లైసిన్లున్న లూపే. వాకర్ చెప్పిన వరస కాదు, దాని వరస వేరు, పనితీరు మాత్రం ఆ బాపతే. సుబ్బారావుగారు కండరసంలో పట్టుకున్న అణువూ మన చేలో తెగులుతో పోరాడే అణువూ ఒకటే.

తిరిగి హార్వర్డుకు వద్దాం. ఇంత చేసినా అక్కడ ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. సుబ్బారావుగారు వేరుచేసిన పదార్థాలు కొన్ని ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ అదే విభాగంలో చదివి 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. 1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయి, అక్కడ పరిశోధనకు అధిపతి అయ్యారు.

పాత బాకీ తీరింది అక్కడే. రక్తహీనతకు కాలేయం నుంచి తీసిన రసం ఇస్తే గుణం కనిపిస్తుందని అప్పటికే తెలుసు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ ఈస్టు రసంలోనూ అలాంటి గుణముందని 1930 ప్రాంతంలో చూపింది. 1941లో పాలకూర ఆకు నుంచి తీసిన పదార్థానికి ఆకు పేరు మీదనే ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దాన్ని శుద్ధంగా వేరుచేసి, నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీలో సుబ్బారావుగారి బృందం, 1945లో. స్ప్రూ రోగులకిచ్చి చూస్తే రక్తం పట్టింది. ఇంట్లో రెండు శవాలు లేచిన ఇరవై ఏళ్ల పైచిలుకుకు ఆ జబ్బుకొక మాత్ర వచ్చింది.

మిగిలినవి వేగంగా చెప్తాను, ఒక్కొక్కటీ ఒక వ్యాసం పట్టే సంగతే అయినా. 1947లో హెట్రజాన్. దాని అసలు పేరు డైఇథైల్‌కార్బమజీన్. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగుల మీద పనిచేస్తుంది. 2004 నుంచి దేశంలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఇదే, డెల్టాలో పుట్టిన వాళ్లకు బోదకాలు గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది, లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి తీశారు.

ఫోలిక్ ఆమ్లం కణం పెరగడానికి కావాలి, డి.ఎన్.ఏ. తయారీకి అది లేనిదే జరగదు. అయితే పెరగకూడని కణం పెరుగుతుంటే? బోస్టనులో పిల్లల రక్తపు కాన్సరుతో కుస్తీ పడుతున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే మందు కావాలని అడిగాడు. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లంలో ఒక ఆక్సిజన్ ఉన్నచోట అమైనో గుంపు పెట్టి అమినోప్టెరిన్ చేసింది. మార్పు అంతే. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. మందిచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. నిలిచిన నయం కాదది. కానీ ఆ జబ్బు ఒక మందుకు లొంగడం అదే మొదలు. అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ గుంపు చేర్చితే అయ్యేదే మెథోట్రెక్సేట్.

రెండు నెలలు దాటగానే, 1948 ఆగస్టు మొదట్లో, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. అమెరికా చట్టం మారి భారతీయులు పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా ఆయన తీసుకోలేదు. 1953లో ఒక శిలీంధ్రపు ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో మన తపాలాశాఖ బిళ్ల వేసింది.

మెథోట్రెక్సేట్ ఎలా పనిచేస్తుందో కళ్లకు కట్టింది 1977లో. ఫోలేటును వాడకానికి సిద్ధంచేసే ఎంజైమును, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజును, మందుతో సహా స్ఫటికం చేసి ఎక్స్-కిరణాలతో చూశారు. ఎంజైము ఆ మందును ఫోలిక్ ఆమ్లం కంటె వేయి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, పట్టుకోవడంలో మందు ఉంగరం ఫోలేటుదానికి తిరగేసి కూర్చుంటుంది. ఈ-కోలై బాక్టీరియాలోని ఎంజైములో ఇరవయ్యో స్థానపు మిథయోనిన్ చుట్టూ ఉన్న లూపు పని జరిగేచోట తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పని అయ్యాక తెరుచుకుని వదలాలి. ఈ మందు వచ్చి కూర్చున్నాక మాత్రం ఆ పట్టు ఒక పట్టాన వదలదు.

కాన్సరు మోతాదుకు చాలా తక్కువగా, వారానికొకసారి ఇస్తే ఇదే మందు కీళ్లవాతంలో రోగనిరోధక వ్యవస్థ చేసే అల్లరిని అణుస్తుంది. ఎలా? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ మనల్ని మళ్లీ ఏ.టి.పి. దగ్గరికే తెస్తుంది. కణం దెబ్బతిని పగిలితే ఏ.టి.పి. బయటికి ఒలుకుతుంది. రోగనిరోధక కణాల మీది పి2ఎక్స్7 అనే గ్రాహకం దాన్ని పట్టుకుని ప్రమాదమని గంట కొడుతుంది. ఆ కణాల మీదే ఉన్న ఎంజైములు ఏ.టి.పి. తోకలోని ఫాస్ఫేట్లను ఒక్కొక్కటే కత్తిరిస్తాయి. మూడూ పోతే మిగిలేది ఒట్టి అడినోసిన్. దాన్ని ఏ2ఏ అనే ఇంకో గ్రాహకం పట్టుకుని, ఇక చాలు శాంతించమని కబురు పెడుతుంది. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ కణాల బయట అడినోసిన్ పెరిగేట్టు చేస్తుంది.

ఈ ఏ2ఏ గ్రాహకం ఆకారం 2008లో తెలిసింది. గొలుసు కణపు పొరను ఏడుసార్లు దాటుతుంది, బయట మూడు లూపులు ఉంటాయి. రెండో లూపు గంధకపు బంధాలతో పక్క లూపుకు బిగిసి, గుంట మూతి దగ్గర ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. ఆ లూపులో 168వ స్థానంలో ఉన్న ఫినైల్‌అలనిన్ చదునైన ఉంగరం లైగాండు ఉంగరం మీద పలకమీద పలకలా ఆనుకుంటుంది. ఆ ఒక్క ఫినైల్‌అలనిన్ తీసి అలనిన్ పెడితే పట్టు పోతుంది. వందల అమైనో ఆమ్లాలున్న గ్రాహకంలో లూపు మీది ఒక్క ఉంగరం మారితే శాంతించమనే కబురు అందుకునేవాడే లేడు.

మా నాయనమ్మకు వేళ్ల కీళ్లు వంకర్లు పోయాయి. నలభై ఏళ్లు నాట్లు వేసిన చేతులు. డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, ఆదివారం నాడు, వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు, అందుకని ఆ డబ్బా మా అమ్మ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. సోమవారం పచ్చమాత్ర. అది ఫోలిక్ ఆమ్లం, మందు ఒంటికి చేసే చెరుపు తగ్గించడానికి. రెండు మాత్రలూ భీమవరం ఆయనవేనని చెప్తే మా నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఆయన భార్య ఇక్కడే ఉండిపోయిందా అని. ఉండిపోయిందని చెప్పాను.